పెప్టైడు రాయబారము

సహస్రకిరణుడు స్నానాలగది వెంటిలేటరు గుండా అద్దముపై దండెత్తిన ఒకానొక సోమవారపు ప్రాతఃకాలమున, ముప్పదియొక్క సంవత్సరములు అచ్చుతప్పులను వేటాడి వేటాడి కనుబొమలు ముడివడిపోయిన ప్రూఫురీడరుడు, అరుణలేఖినీధరుడు, ముద్రణదోషమృగయాధురంధరుడు, అర్ధాంగి తెచ్చియిచ్చిన పెప్టైడు సీరము సీసాను కుడిచేత బూని, తన భ్రూమధ్యమున నిలువుగా వెలసిన ముడతపై యుద్ధము ప్రకటించెను. ఆ మహావీరుడు మరెవరో కాదు, నేనే. వేరెవరును పొగడరు గనుక నన్ను నేనే పొగడుకొనుచున్నాను.

యుద్ధకారణమునకు మూడేండ్లు. నా మనుమరాలు. నా ముఖము కనబడినంతనే తల్లి కాళ్ళ వెనుక దాగి, "తాతయ్యకి కోపం వచ్చింది!" అని ఘోషించును. కోపము లేదు తల్లీ, ముఖమే అంత! ఎత్తుకొనబోతినా, ఇల్లెగిరిపోవునట్లు ఏడ్చును. పైకి నవ్వితిని గాని, లోపల చాల బాధపడితిని.

మందులషాపులో పనిచేయు నా భార్య ముందే హెచ్చరించినది.

"ఇదేం మంత్రం కాదండీ. పెప్టైడ్లంటే చిన్న చిన్న ప్రోటీను ముక్కలు. చర్మంలోకి వెళ్ళి, చర్మాన్ని బిగువుగా ఉంచే కొలాజెన్ తగ్గింది, కాస్త తయారుచెయ్యండని కబురు చెప్తాయి. మూడు నెలలు ఓపిక పట్టాలి. గీత కొంచెం పలచబడొచ్చు, మాయమైపోదు."

కబురా! అనగా రాయబారులా! నా వీరరసము పొంగినది. "ఓయీ సూక్ష్మకాయులారా! అమైనోఆమ్లమాలికాలంకృతులారా! చర్మదుర్గమును చొచ్చి, నిద్రాముద్రితకణగణములను మేల్కొలిపి, శిథిలకొలాజెనుకుడ్యమును పునర్నిర్మింపుడని నా యాజ్ఞగా వినిపింపుడు!" అని అద్దమునెదుట గర్జించితిని.

"అద్దం మీద తుంపర్లు పడుతున్నాయి," అన్నది భార్య.

పది వారములు గడచెను. ప్రతిదినము స్కేలు పెట్టి కొలిచితిని. పన్నెండు మిల్లీమీటర్లు. లోతు కూడ వెంట్రుకవాసి తగ్గలేదు. పదకొండవ వారమున భార్య నా యుద్ధవిన్యాసమును కన్నులారా చూచి నెత్తి కొట్టుకొన్నది.

"ముందు ముఖమంతా నూనె పట్టించి, దానిమీద సీరం రాస్తున్నారా? లోపలికి ఎలా పోతుందండీ అది? కడిగిన ముఖానికి ముందు సీరమే రాయాలని ఆ కాగితంలో ఉందిగా! చదవలేదా?"

చదువుటయా! సీసాతో వచ్చిన ఆ కాగితమున ఏడు తప్పులు ఎఱ్ఱసిరాతో దిద్దితిని. సరిగ్గా ఆ వాక్యమునకే కామా కూడ పెట్టితిని. అర్థము మాత్రము తలకెక్కలేదు. నా రాయబారులు డెబ్బది దినములుగా కోటగుమ్మమున నూనెలో జారిపడుచుండిరి. సిగ్గుతో చచ్చినంత పనియైనది.

పునర్యుద్ధము మొదలైనది. ముఖము కడిగి, సీరము రాసి, అది ఆరిపోవువరకు కన్నులు మూసికొని, నుదురు ముడువక కదలక కూర్చుండవలెనని భార్య ఆనతి. ఒక సాయంకాలము అట్లే కూర్చుండగా మోకాలిపై చిన్న బరువొకటి వాలెను.

"తాతయ్యా, నేను రాయనా?"

నుదురు ముడువక ముఖమును ముందుకు వంచితిని. చిట్టివేలొకటి నా భ్రూమధ్యమున చల్లని చుక్కను పులిమి, మిగిలినదానిని ముక్కునకు పూసెను.

"కోపం పోయిందా?"

"పోయింది తల్లీ."

నమ్మినది కాబోలు, దిగిపోలేదు.

దిక్పాలకులారా, దుందుభులు మ్రోగింపుడు! మరునాడు కొలిచితిని, పన్నెండు మిల్లీమీటర్లే. ముడత పట్టిన కోట ముడత వశముననే ఉన్నది. అయినను విజయము మాదే: ఆ సాయంకాలము, గడియారము సాక్షిగా, నాలుగు నిమిషములు ఆ పిల్ల నా ఒడిలో కూర్చున్నది!