వంటావార్పులో విమానం మూత

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజులు. తార్నాకలో బస్సులు లేవు, ఆఫీసులు లేవు. గిరీష్‌కు మాత్రం ఊపిరి సలపడం లేదు. మర్నాడే యూనివర్సిటీ క్యాంపస్‌లో నమూనా విమానాల పోటీ. పోయినసారి పైలట్ సీటు మీది అద్దం మూతకు జిగురు మరక అంటి, మొదటి బహుమతి ఉమాపతికి పోయింది. ఆ అవమానం ఇంకా మింగుడుపడలేదు. ఈసారి ప్లాస్టిక్ రేకును వేడిచేసి దోసిలంత మూత స్వయంగా మలిచాడు. దానికి లేత బంగారు ఛాయ ఇచ్చి, అంచులకు నల్లరంగు వేస్తే ఉమాపతి పని అయిపోయినట్టే! వేలిముద్ర ఉన్నా రంగు పట్టదని దాన్ని సబ్బుతో కడిగి, వంటింట్లో గిన్నెల పక్కన బోర్లించి, కాచిగూడలో కొన్న రంగుసీసా కోసం గదిలోకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి మూత లేదు. గిన్నెలూ లేవు.

"అమ్మా, ఈడ పెట్టిన మూత ఏమాయె?"

"ఎదురింటి ఉప్పలమ్మక్క వంటావార్పుకు గిన్నెలడిగింది. ఆడుండేటివన్నీ ఇచ్చేస్తి," అంది లక్ష్మీదేవి తాపీగా. "అది పిడి ఊడిన గరిటె అనుకుంటి గదరా!"

వంటావార్పు అంటే నిరసనగా నడిరోడ్డు మీదే వండి, వచ్చినవాళ్ళందరికీ వడ్డించడం. గిరీష్ చౌరస్తాకు పరుగెత్తాడు. అక్కడ ఉప్పలమ్మ అతని మూత నిండా పులిహోర తోడి విస్తళ్ళలో వేస్తోంది.

"అత్తా, అది గరిటె కాదు, విమానం!"

"ఇమానమో గిమానమో, చేతికి మస్తు కుదిరింది బిడ్డా. గింతమంది లైన్ల ఉన్నరు, అయినంక తీస్కపో."

ఆమె గిన్నె అడుగు గీకబోయింది. గిరీష్ గబుక్కున అడ్డుపడ్డాడు. ఒక్క గీత పడితే బహుమతి గోవిందా! "ఇటియ్యి అత్తా, నేనే వడ్డిస్తా," అని మూత లాక్కుని, గిన్నె అంచు తగలకుండా పసిబిడ్డను ఎత్తుకున్నంత జాగ్రత్తగా వడ్డించసాగాడు.

మైకు దగ్గరున్న క్లాస్‌మేట్ పరశురాం కంట పడనే పడ్డాడు. "మా దోస్తు గిరీష్‌ది రాయలసీమ! అయినా ఎంత ప్రేమతోని వడ్డిస్తున్నడో చూడుండ్రి! చప్పట్లు!"

చప్పట్లు మోగాయి. టీవీ కెమెరా వచ్చింది, దాని వెనక జనం వచ్చారు, జనం కోసం రెండో గుండిగ వచ్చింది. జేబులో ఫోను మోగింది. నాన్న గంగాధర్.

"ఏమిరా, టీవీలో వడ్డిస్తాండావు? నల్లకుంటలో మీ మామ ఇంటికాడ అందరూ నాకు షేక్‌హ్యాండిస్తాండారు! నేనేం జెప్పల్ల?"

"పులిహోర బాగుందని చెప్పు నాయనా," అని పెట్టేశాడు గిరీష్.

గుండిగలు ఖాళీ అయ్యేసరికి పొద్దు వాలింది. ఇంటికొచ్చి మూతను సబ్బుతో కడిగాడు, నిమ్మచెక్కతో రుద్దాడు. పసుపు వదిలితేనా! ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని కిటికీ వెలుగులో పట్టి చూశాడు. లేత బంగారు ఛాయ! ఒక్క చార లేదు, ఒక్క బుడగ లేదు. బంగారు రంగుసీసా పక్కన పెట్టి అంచులకు నల్లరంగు వేశాడు.

మర్నాడు న్యాయనిర్ణేత అచ్యుతరామయ్య గారు భూతద్దం పెట్టి మరీ చూశారు. "ఇంత నున్నటి ఛాయ బ్రష్షుతో రాదే!" అని మొదటి బహుమతి గిరీష్ చేతిలో పెట్టారు. ఉమాపతి ఉండబట్టలేక పక్కకు లాగి అడిగాడు. గెలిచిన గర్వంలో గిరీష్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

తర్వాతి వంటావార్పులో పులిహోర వడ్డిస్తామంటూ ఉమాపతితో సహా పోటీ కుర్రాళ్ళంతా ఉప్పలమ్మ దగ్గరికి ఎగబడ్డారు, గరిటె పట్టుకొచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు.