గేటు ముందు పట్టభద్రులు

విదేశాల్లో చదవడానికి కాలేజీ అక్కర్లేదు. ఒక గేటు చాలు!

నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను. గేటు పాతదై ఉండాలి, వెనక రాతి గోపురాలు కనిపించాలి, మన మెడలో మఫ్లర్ ఉండాలి. అంతకన్నా ఏం కావాలి? పరీక్షలుండవు, అటెండెన్స్ ఉండదు, జ్ఞానం అంటుకుంటుందన్న భయం అసలే ఉండదు!

మా కొండాపూర్ నిషితనే చూడండి. ఒక కన్సల్టెన్సీ వారి దయవల్ల ఇంగ్లండులో ఎంబీఏ చదువుతోంది. ఒక ఆదివారం బస్సెక్కి, వందల ఏళ్లనాటి యూనివర్సిటీ ఉన్న ఊరు చూడబోయింది. లోపలికి అడుగుపెట్టబోతే టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, ఇక్కడి విద్యార్థులకే ప్రవేశమని మర్యాదగా ఆపాడు. తనూ విద్యార్థినేనని చెప్పాలనుకుంది. ఏ కాలేజీ అని అడుగుతాడేమోనని వెనక్కి తగ్గింది. గేటు ముందే ఫొటో దిగి ఇంటికి పంపింది.

ఇంకేం! తండ్రి యాదగిరి అదే బిడ్డ కాలేజీ అనుకుని, పటాన్‌చెరు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, నేరుగా ఫ్లెక్సీ షాపుకెళ్లాడు. మర్నాటికల్లా ఊరి మలుపులో నిషిత, గోపురాలు, చుట్టూ చేతులు జోడించిన గల్లీ నాయకులందరూ! కన్సల్టెన్సీ వాళ్లు అదే ఫొటోను తమ ఆఫీసు గోడకు అతికించుకున్నారు. ఒక్క ఫొటో ఇంతమందిని ఉద్ధరించింది. డిగ్రీకి ఆ శక్తి ఉందా?

చిక్కల్లా పక్కింటి రవళితో వచ్చింది. దగ్గర్లోని రుద్రారం కాలేజీలో వచ్చిన సీటు వదులుకుని, అదే కన్సల్టెన్సీలో ఫీజు కట్టబోతూ ఫోన్ చేసింది.

"అక్కా, సోమవారం పైసలు కడుతున్నం. గా గోపురంల మీ క్లాసు యాడుంటది? జెర ఫొటో తీసి సూపియ్యవా?"

నిషితకు ఏడుపొచ్చింది. నిజం చెబితే ఊళ్లో నాన్న పరువు పోతుంది. చెప్పకపోతే రవళి కొంప మునుగుతుంది. మర్నాడు తన కాలేజీని మొట్టమొదటిసారి ఫొటో తీసింది. రేకుల షెడ్లు, వరసగా లారీలు, టైర్ల గోడౌన్, దాని మీది అంతస్తులో చిన్న బోర్డు. రవళికీ నాన్నకూ పంపేసింది.

ముందు నాన్నే ఫోన్ చేశాడు.

"ఏంది బిడ్డా, పటాన్‌చెరు దాంక వచ్చి ఇంటికి రాకపోతివి! ఏ గేటు కాడున్నవో చెప్పు, బండేసుకొని వస్త!"

రవళి ఫీజు కట్టలేదు. సోమవారం పొద్దున రుద్రారం బస్సెక్కింది. అక్కడి గేటు కొత్తది, పాపం, ఫ్లెక్సీకి పనికిరాదు. లోపలికి మాత్రం రానిస్తారు.