పర్మనెంటైన గొంతు

తాగునీటి సంస్థలో పదకొండేళ్లు కాంట్రాక్టు మీద పనిచేసిన గుమ్మడి అప్పలనరసమ్మ గొంతును పోయిన ఏప్రిల్లో పర్మనెంటు చేశారు. అప్పలనరసమ్మను చెయ్యలేదు. ఫోను చేసినవాళ్లకు మీ వీధికి నీళ్లు రేపొస్తాయని చెప్పే పని గొంతుది కాబట్టి ఆ ఉత్తర్వులో ఎవరికీ తప్పు కనబడలేదు. ఆ సాయంత్రం అయిదింటికి ఆమె ఇంటికి వెళ్లింది. గొంతు ఆఫీసులోనే ఉండిపోయింది.

చిక్కల్లా మొగుడితో వచ్చింది. సన్యాసిరావుకు పుట్టుకతోనే చూపు లేదు, పెళ్లాన్ని గొంతుతోనే ఎరుగును. ఇంట్లో ఎవరో అన్నం పెడుతున్నారని ఒప్పుకున్నాడు గానీ, ఆవిడ తన భార్యేనని ఒప్పుకోలేదు. చేయి పట్టుకుంటే మర్యాదగా విడిపించుకునేవాడు. పదహారేళ్ల కాపురం ఇలా అయిందేమని అప్పలనరసమ్మకు ఏడుపొచ్చింది. చప్పుడు లేని ఏడుపు కాబట్టి అతనికి తెలియలేదు.

గొంతు తిరిగి ఇమ్మని కాగితం రాసి పట్టుకెళ్తే, సూపరింటెండెంటు జోగారావు కుర్చీ వేయించి ఓపిగ్గా చెప్పాడు.

"నువ్వు కాంట్రాక్టు మనిషివి తల్లీ. మా మీద కేసెయ్యాలంటే ముందు మా మనిషివై ఉండాలి. నీ గొంతు మా మనిషే. అది కేసెయ్యాలంటే మా అనుమతి కావాలి."

అనుమతికి ఆమె దరఖాస్తు పెట్టింది. దరఖాస్తు గొంతే పెట్టుకోవాలని వెనక్కి పంపారు. చివరికి ఒక మంచి ప్లీడరు దొరికి, రెండు నెలల ముందస్తు నోటీసిచ్చి, కేసుకు నంబరు వేయించాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అనలేదు. కోర్టులో పేర్లు పిలిచే బంట్రోతు అదే నెల రిటైరయ్యాడు. ఆ ఖాళీలోకి సంస్థ తన గొంతును డెప్యుటేషను మీద పంపింది. అనుభవం ఉన్న గొంతు కాబట్టి కోర్టు కాదనలేదు.

వాయిదా నాడు ఆమె మొగుణ్ని పక్కన కూర్చోబెట్టుకుంది. ప్లీడరు పక్క కోర్టులో ఇంకో కేసు వాదిస్తున్నాడు. గోడ మీది స్పీకరులోంచి ఆమె గొంతు ఆమె పేరును మూడుసార్లు, ఎంతో ఆప్యాయంగా పిలిచింది. ఆమె లేచి చేయెత్తింది. నోటితో పలికితేనే హాజరని నిబంధన. పిటిషనరు రాలేదని రాసుకుని కేసు కొట్టేశారు.

సన్యాసిరావు మాత్రం మొదటి పిలుపుకే లేచాడు.

"వస్తన్నానే, అక్కడే ఉండు" అంటూ ఆమె చేయి వదిలించుకుని, తడుముకుంటూ గోడ దాకా నడిచాడు.

ఇప్పుడు అప్పలనరసమ్మ రోజూ పదింటికి అతన్ని తీసుకొచ్చి స్పీకరు కింద కూర్చోబెడుతుంది. మధ్యాహ్నం క్యారేజీ తెచ్చి వడ్డిస్తుంది. ఈమధ్య అతను ఆమెతో కూడా బాగానే మాట్లాడుతున్నాడు. మొన్న అన్నం తింటూ అన్నాడు:

"మా ఆవిడ కోర్టులో పర్మనెంటమ్మా. మీకేటైనా పనుంటే సెప్పండి."