కొమ్ము మోగితే కదలరాదు

"కొమ్ము మోగినప్పుడు కదిలినవాడు స్కౌటు కాడు, కాబోడు, ఇంతకుముందు అయివుంటే ఇకమీదట కాకుండా పోతాడు!"

ఈ శాసనాన్ని స్కౌటు దళం అధ్యక్షులవారు మైదానం మధ్యలో బల్లమీద నిలబడి ప్రకటించారు. ఆయనకు కొమ్ములేమీ లేవు గానీ, కొమ్ము మాత్రం ఒకటుంది. ఏదో అడవి మృగానిది, మెలికలు తిరిగి మూరెడు పైన పొడవుంటుంది. ఊదితే మూడు వీధుల అవతల నిద్రపోతున్న పసిపిల్లలు కూడా లేచి కూర్చుంటారు. స్కౌట్లను పిలవడానికి దాన్ని వాడడం పాత పద్ధతే. ఆపకుండా పొడుగ్గా ఊదితే అందరూ వచ్చి చేరాలి. పొట్టి పొట్టిగా వరసబెట్టి ఊదితే ఎవరో ప్రమాదంలో ఉన్నట్టు లెక్క, ఉన్నవాళ్ళు ఉన్నట్టుగా పరుగెత్తాలి.

పరుగెత్తేవారు కూడా. అదే అధ్యక్షులవారికి గిట్టలేదు. ఒకడు మొహాన సబ్బు నురగతో, ఒకడు ఒంటికాలి బూటుతో, ఇంకొకడు సగం తొడిగిన చొక్కాతో మందలా వచ్చి పడేవారు. అతిథుల ముందు ఆయనకు తల కొట్టేసినట్టయ్యేది. అందుకని కొమ్ముకు ఒక గౌరవం కల్పించారు. అది మోగినంతసేపూ ఎవరెక్కడుంటే అక్కడే నిటారుగా నిలబడి వందనం చేయాలి. మోత ఆగాక అధ్యక్షోపన్యాసం వినాలి. ఈ రెండో భాగాన్ని దళం తనంతట తానే సవరించుకుంది. మోత ఆగగానే అందరూ చప్పుడు చేయకుండా టిఫినుకు వెళ్ళిపోయేవారు. అధ్యక్షులవారు కళ్ళు మూసుకుని ఉపన్యసిస్తారు కనుక ఆ సవరణ ఆయన దృష్టికి రాలేదు.

"నిజంగానే ఏదన్నా ప్రమాదం వస్తే ఎట్లా బావా?" అని దళం కార్యదర్శి ఒకసారి అడిగాడు. కార్యదర్శి అంటే ఎవరో కాదు, ఆయన బావమరిదే.

"మన దళంలో ప్రమాదాలుండవు. నేను అనుమతించను," అన్నారు అధ్యక్షులవారు. బావమరిది తన అక్క మొహం చూసి ఊరుకున్నాడు.

ఇంత పట్టుదలకూ మూలం ఒక వెండి పతకం. క్రమశిక్షణకు ఇచ్చే ఆ పతకం పక్కపేట దళం అధ్యక్షుడికి అప్పటికే వచ్చేసింది. ఆయన పరాయివాడైతే సరిపెట్టుకోవచ్చు. స్వయానా వియ్యంకుడు. దాన్ని పెట్టుకునే పెళ్ళిళ్ళకు వస్తాడు, మంగలి దుకాణానికి వెళతాడు, మనవణ్ణి ఎత్తుకుంటాడు. పిల్లవాడు ఆ తాత చొక్కానే పట్టుకు వేలాడతాడు, మెరుస్తుంది కదా. అది చూసినప్పుడల్లా ఈ తాతగారి కడుపు రగిలిపోతుంది. ఈ ఏడు కూడా పతకం రాకపోతే మనవడి ముందు తలెత్తుకోలేనని భార్యతో చెప్పుకుని బాధపడ్డారు. వాడికి రెండేళ్ళేనని ఆమె గుర్తు చేసినా ఆయన ఊరడిల్లలేదు.

పతకం ఎవరికివ్వాలో తేల్చే తనిఖీ అధికారి మైదానంలో దళం వేసిన శిబిరానికి వస్తున్నాడని కబురందింది. ఎక్కడా వంక దొరకకూడదని అధ్యక్షులవారు గుడారాల తాళ్ళు సరిచేయించారు, మైదానంలో గడ్డి దువ్వించారు. వంటశాల వెనక చెత్త కోసం తవ్విన గొయ్యి కంటికి అసహ్యంగా ఉందని, దానిమీద సన్నపుల్లలు పరిపించి, ఆకులు కప్పించి, నాలుగు పూలు కూడా చల్లించారు. ఆ తర్వాత అధికారి వచ్చేలోగా ఒకసారి ఊది చూసుకుందామని, కొమ్ము చంకన పెట్టుకుని, గొయ్యి సంగతి మరచిపోయి ఆ వైపే షికారుగా వెళ్ళారు. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారంటారు. పాపం, ఆయన తియ్యలేదు, కప్పించారంతే.

గొయ్యి నిలువెత్తు కన్నా లోతు. అడుగున కూరగాయల తొక్కులుండబట్టి ఎముకలు దక్కాయి. అంచు పట్టుకోబోతే మట్టి జారి నెత్తిన పడుతోంది. అదృష్టవశాత్తూ కొమ్ము చెక్కుచెదరలేదు. దాన్ని నోట పెట్టుకుని పొట్టి పొట్టిగా వరసబెట్టి ఊదారు.

పైన సుత్తి చప్పుడు ఆగింది. గరిటె చప్పుడు ఆగింది. మాటలూ ఆగాయి. వస్తున్నారనుకుని ఇంకా గట్టిగా ఊదారు. ఎవరూ రాలేదు. కాసేపటికి సంగతి ఆయన బుర్రకెక్కింది. దళమంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడి వందనం చేస్తోంది!

ఆపితేనన్నా కదులుతారేమోనని ఊదడం ఆపారు. కదిలారు. పళ్ళేల గలగల వినిపించింది. తన ఉపన్యాసాలప్పుడు దూరంనుంచి వినిపించే ఆ గలగలను ఇన్నాళ్ళూ చప్పట్లని నమ్మిన మనిషి ఆయన. దుఃఖం ముంచుకొచ్చింది. దిగమింగుకుని మళ్ళీ కొమ్మెత్తుకున్నారు.

ఈసారి గోతి అంచున ఒక టోపీ కనిపించింది. తనిఖీ అధికారి. అతని మొహం వెలిగిపోతోంది. మైదానమంతా చూసే వస్తున్నానన్నాడు. ప్రమాద సంకేతం అంతలా మోగుతుంటే ఒక్కడు కూడా చలించలేదట. పొయ్యిమీద పాలు పొంగి మంట ఆరిపోతున్నా, వంట పనిలో ఉన్న స్కౌటు పెట్టిన వందనం దించలేదట. ఇలాంటి క్రమశిక్షణ తన ఉద్యోగంలో చూడలేదన్నాడు.

"వాళ్ళను పరీక్షించడానికే మీరు గోతిలో దిగారు కదూ?" అని అడిగాడు.

పడ్డానండీ బాబూ, పైకి లాగండి అన్న మాట అధ్యక్షులవారి నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో వియ్యంకుడి చొక్కా కళ్ళముందు మెరిసింది.

"అవునండి. పరీక్షే," అన్నారు మోకాలిలోతు తొక్కుల్లో నిలబడి.

"అయితే పతకం మీదే. పరీక్ష సాగనివ్వండి, మధ్యలో నేనెందుకు అడ్డం," అని అధికారి గట్టున వంగి, అభినందనగా చెయ్యి చాచాడు.

ఏ చెయ్యి అందుతుందా అని అంతసేపూ మొహం వాచిపోయిన మనిషికి చెయ్యి అందింది. రెండు చేతులా పట్టుకుని వేలాడారు. మరుక్షణం గోతిలో ఇద్దరున్నారు. టోపీ మాత్రం పైనే ఉండిపోయింది.

అధికారి తొక్కులు దులుపుకుంటూ, ఆ కొమ్మేదో ఊది మనుషులను పిలవమన్నాడు.

"ఊదితే కదలరండి," అన్నారు అధ్యక్షులవారు.

"ఎవడయ్యా ఈ తలతిక్క రూలు పెట్టింది?"

"ఇందాక తమరు మెచ్చుకున్నది దీన్నేనండి."

ఇక మిగిలిన దారి ఒక్కటే, మామూలు మనుషుల్లా కేక పెట్టడం. ఆ గౌరవం మీదంటే మీదని ఇద్దరూ కాసేపు బతిమాలుకున్నారు. తమరు పై అధికారులు, ముందు తమరే అరవాలని అధ్యక్షులవారు. గొయ్యి మీ దళానిది, నేను అతిథిని, మీరే అరవాలని అధికారి. ఇంతలో తొక్కుల్లోంచి ఒక కప్ప అధికారి పంట్లాంలోకి దూరింది. అతను పెట్టిన కేకకు హడలిపోయి అధ్యక్షులవారు కూడా కేక పెట్టారు.

కేకకు రూలేమీ లేదు. పళ్ళేలు ఎక్కడివక్కడ వదిలేసి దళమంతా పరుగెత్తుకొచ్చింది. ఎంగిలి చేతులతోనే తాళ్ళు వేసి ఇద్దరినీ చిటికెలో పైకి లాగేశారు. కప్ప దానంతటదే వెళ్ళిపోయింది.

సాయంత్రం సభలో అధికారి పతకం ప్రకటించి, తన చేత్తోనే అధ్యక్షులవారి చొక్కాకు తగిలించాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు. పరీక్ష ఇంకా ముగియకుండానే దళం వరస తప్పి, ఎవరి అనుమతీ లేకుండా పరుగెత్తిన సంగతి కళ్ళారా చూశానన్నాడు. ఇంత క్రమశిక్షణ గల దళానికి ఇది తీరని మచ్చ అన్నాడు. ఎందుకిలా జరిగిందో ఇప్పుడే, ఇక్కడే సంజాయిషీ ఇవ్వాలన్నాడు. అధ్యక్షులవారు పతకం సర్దుకుంటూ గంభీరంగా తల ఊపారు.

దళంలో అందరికన్నా పెద్ద స్కౌటు ముందుకొచ్చి చేతులు కట్టుకున్నాడు.

"తప్పయిపోయింది సార్. ఆ కేక విని కొమ్ము అనుకోలేదు. ఎవరో మనుషులు అనుకున్నాం."