ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌లో పెద్దాయన

ఆఫీసు ప్రోగ్రాము వాడకం వివరించే మాన్యువల్ పూర్తిచేసి, మధ్యాహ్నానికల్లా ఇంటికెళ్లి కంటినిండా నిద్రపోవాలని ఆమె పొద్దున్నే అనుకుంది. ఆఫీసులో అందరూ ఆమెను మాన్యువలమ్మ అంటారు. చేరి చాలాకాలమైనా ఉద్యోగం పర్మనెంటు కాలేదు. ఆ అర్జీ మేనేజరు దగ్గర మగ్గుతోంది. మాన్యువల్ మచ్చ లేకుండా వస్తే చూద్దామన్నాడు. చూద్దామనడంలో అతన్ని మించినవారు లేరు.

మిగిలింది ఒక్క అధ్యాయమే, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్. యూనిక్స్ కంప్యూటర్లలో ప్రోగ్రాము మొదలయ్యేముందు దాని చెవిన వేసే సంగతులవి. ఏ భాషలో మాట్లాడాలి, ఏ ప్రింటరుకు పంపాలి, ఇలాంటివి. ప్రమాణాల ప్రకారం ప్రతి వేరియబుల్‌కూ పేరు, పని, విలువ ఇవ్వకపోతే ఏం జరుగుతుందో రాయాలి. సెలవులూ సామాన్లూ ఉద్యోగాలూ, అన్ని అర్జీలూ మంజూరుచేసే ఈ ప్రోగ్రామును తయారుచేసిన పెద్దాయన ఒక్క ముక్కా రాసిపెట్టలేదు. అడుగుదామంటే ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన కుర్చీలో ఇప్పటికీ ఎవరూ కూర్చోరు.

ఆమె తన మెషీన్‌లో విలువలన్నీ తీసేసి ప్రోగ్రామును నడిపి చూసింది. ఉత్తుత్తి అర్జీ తయారుచేయడానికి బద్ధకించి, అకౌంటెంటు కొత్త కుర్చీ కోసం ఎప్పుడో పెట్టుకున్న అర్జీనే వాడింది. కాసేపటికి మూలనున్న ప్రింటరు కదిలింది. కాగితం అడుగున, మంజూరుచేసినవారు అన్నచోట, పెద్దాయన పేరుంది.

ఆమె దాన్ని అకౌంటెంటు దగ్గరికి తీసుకెళ్లింది. అకౌంటెంటు కాగితం చూసి తెల్లబోయాడు.

"పోయే ముందురోజు నాకు మాటిచ్చారండీ," అన్నాడు మెల్లగా. "నీ కుర్చీ సంగతి నేను చూసుకుంటాలే అన్నారు."

ఆ మాట గది గదికీ పాకింది. ఏసీ ఆపినా చలి తగ్గలేదని ఒకరన్నారు, ఆ ఖాళీ కుర్చీ కిర్రుమందని ఇంకొకరు. మేనేజరు దయ్యాలను నమ్మడు, కానీ గుమ్మం దాటి లోపలికి రాలేదు. పెద్దాయన పాత సెట్టింగేదో మిగిలుంటుందని అక్కడినుంచే తేల్చేశాడు.

"అన్ని మెషీన్లలోనూ వేరియబుల్స్ తుడిచేయండి. ఆయన జాడ ఉండకూడదు."

తుడిచారు. మూలనున్న ప్రింటరు మళ్లీ లేచింది, తర్వాత కిటికీ పక్కది, ఆపైన మెట్ల దగ్గరది. మగ్గిపోయిన అర్జీలన్నీ ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. ఎవరిదో సెలవు, ఎవరిదో ఫ్యాను, ఎవరిదో బదిలీ. అన్నింటి అడుగునా పోయిన మనిషి పేరే. తుడిచినకొద్దీ ఆయన ఎక్కువవుతున్నారు.

ఆ ఆలోచన దగ్గరే ఆమె ఆగిపోయింది. ప్రోగ్రాము తెరిచి వెతికింది. మంజూరుచేసేవారి పేరు కూడా ఒక వేరియబులే. ఇన్నాళ్లూ అందులో మేనేజరు పేరుంది కాబట్టి ప్రోగ్రాము అతని అనుమతి కోసం ఆగేది. విలువ ఇవ్వకపోతే పెద్దాయన పేరు వేసి, ఎవరినీ అడక్కుండా మంజూరుచేసేస్తుంది. ఆయన తొలినాటి పరీక్షలకోసం పెట్టుకుని తీయడం మరిచారు. ఆమెకు నవ్వొచ్చింది, వెనకే ఆయనమీద బెంగా వచ్చింది.

సంగతి విన్నాక మేనేజరు ధైర్యంగా లోపలికొచ్చాడు. అప్పుడే మెట్ల దగ్గరి ప్రింటరు ఆఖరి కాగితం వదిలింది. అది ఆమె పర్మనెంటు ఉత్తర్వు. మేనేజరు దాన్ని చదివి, ఇవాళ వచ్చినవన్నీ రద్దుచేసేయమన్నాడు.

ఆమె లేచి నిలబడింది.

"మంజూరుచేసినవారే రద్దుచేయాలి సార్. ఆ నిబంధన మీరు పెట్టిందే."

"అడిగి చూడండి సార్," అన్నాడు అకౌంటెంటు, ఖాళీ కుర్చీ చూపిస్తూ.

కుర్చీ కిర్రుమంది. ఈసారి అందరూ విన్నారు. మేనేజరు ఉత్తర్వును రెండు చేతులతో ఆమెకు అందించి, అభినందనలు చెప్పి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

ఆమె కూర్చుని ప్రమాణాల ప్రకారం ఆఖరి వాక్యం రాసింది: విలువ ఇవ్వకపోతే, పెద్దాయన చూసుకుంటారు.