షావుకారు రాసిచ్చిన కాగితం

ఆ ఉదయం పరదేశికి ఉన్న ఆలోచన ఒక్కటే. పదిగంటలకల్లా లారీకి బెల్లం ఎత్తేసి, ఇంటికి పోయి, చేపల పులుసు తిని పడుకోవాలి. అనకాపల్లి బెల్లం మార్కెట్లో రెండేసి దిమ్మలు ఒకేసారి భుజాన వేసుకునే కలాసీ అతను. భయమంటే ఎరగడని పేరు. సూదంటే మాత్రం హడల్. ఆ సంగతి కట్టుకున్న పెళ్లానికి కూడా తెలియదు.

సరిగ్గా ఆ రోజే నర్సు సుచిత్ర టీకాల పెట్టెతో మార్కెట్లో దిగింది. ఆరోగ్య బీమా లేనివాళ్లకు సర్కారు ఖర్చుతో కామెర్ల టీకా వేస్తారట. ధైర్యవంతుడు కదా అని తోటివాళ్లు పరదేశినే ముందు నిలబెట్టారు.

"ఇన్సూరెన్సు ఉందా?" సూది తీస్తూ అడిగింది సుచిత్ర.

"ఉందమ్మా! మా షావుకారు కట్టేరు."

ఆమె రిజిస్టర్లో రాసుకుని పక్కకు పొమ్మంది. పరదేశికి ప్రాణం లేచి వచ్చింది. కానీ వెనకే అతని బావ ధనరాజ్ ఉన్నాడు.

"ఏటి బావా, నీకొక్కడికే కట్టేరా? మేం మొయ్యనేదేటి?"

పావుగంటలో పని ఆగిపోయింది. నలభై మంది కలాసీలూ కొట్టు ముందు బైఠాయించారు. లారీ డ్రైవరు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయాడు. షావుకారు వెంకటరమణమూర్తి బయటికొచ్చి, "నేనెవరికీ ఏ బీమా కట్టలేదర్రా!" అని మొత్తుకున్నాడు. ఎవరూ నమ్మలేదు.

పరదేశి ఇరుకున పడ్డాడు. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే నలభై ఇళ్లకు ఆ రోజు కూలి ఉండదు. పాపం, మనిషి మంచివాడు. షావుకారును పక్కకు పిలిచి చెవిలో చెప్పేశాడు.

"తప్పయిపోనాది బాబూ. సూదంటే బయిం. అబద్దం సెప్పీసేను."

షావుకారు అతన్ని రెక్క పట్టుకుని నర్సు ముందుకు లాక్కుపోయాడు. "వీడికి బీమా లేదమ్మా, పొడిచెయ్యి!"

"ఉందని రాసేసేనండి. లేదని మీరు రాసిస్తేనే వేస్తాను."

షావుకారు ఒళ్లు మండిపోయి, ఆ మంటలోనే కాగితం మీద బరబరా గీకాడు. 'నా దగ్గర పనిచేసే నలభై మందిలో ఏ ఒక్కరికీ నేను బీమా కట్టలేదు.' సంతకం పెట్టి, కొట్టు ముద్ర కూడా వేశాడు. సుచిత్ర దాన్ని పైకి చదివింది. పరదేశి కళ్లు గట్టిగా మూసుకుని, షావుకారు చెయ్యి నలిపేస్తూ టీకా వేయించుకున్నాడు.

ధనరాజ్ మాత్రం ఆ కాగితాన్ని ఫోనులో ఫొటో తీశాడు. "యేటా లేబరాఫీసోల్లొచ్చినప్పుడు నా కొట్లో పనోల్లే లేరంటారు కదేటి బాబూ? ఇప్పుడు నలభై మందిమని మీరే రాసిచ్చేరు. ఆల్లకి సూపించమంటారా, అందరికీ బీమా కట్టేత్తారా?"

షావుకారు ఫోను వంక చూశాడు, కదలని లారీ వంక చూశాడు. "రేపే కడతాన్రా బాబూ, ముందు లారీకెత్తండి!"

బీమా రేపటి మాట కనుక, మిగిలిన ముప్పైతొమ్మిది మందీ ఆ పూటే ఉచితంగా టీకా వేయించుకుని మరీ బెల్లం ఎత్తారు. ఇదంతా పరదేశి పన్నిన ఎత్తేనని వాళ్ల నమ్మకం.

ఎవరికీ జంకని మనిషి కావాలని, సాయంత్రం అతన్ని కలాసీల సంఘానికి ఏకగ్రీవంగా నాయకుణ్ని చేశారు.