తోడికోడళ్ళ ఫైర్ డ్రిల్

ఆ రోజు పొద్దున పెద్ద సిస్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే తయారవడం, అందరికన్నా ముందు ఆస్పత్రికి చేరడం, ఫైర్ డ్రిల్‌లో తన తోడికోడలిని చిత్తుగా ఓడించడం. మొదటి రెండూ ఆమెకు అలవాటే. మూడోది మాత్రం ఆ ఇంట్లో చిన్న కోడలు అడుగుపెట్టిన నాటి నుంచీ వాయిదా పడుతూనే ఉంది.

ఇద్దరూ ఒకే ఇంటి కోడళ్ళు, ఒకే ఆస్పత్రిలో నర్సులు, మూడో అంతస్తులో పక్కపక్క వార్డులకు ఇన్‌ఛార్జులు. ఆస్పత్రిలో అందరూ వాళ్ళను పెద్ద సిస్టర్, చిన్న సిస్టర్ అనే పిలిచేవారు. రెండు వార్డులకూ మధ్య నిప్పును ఆపే బరువైన తలుపు ఒకటి ఉంది. దాన్ని ఫైర్ డోర్ అంటారు. వంటింట్లో మొదలైన పోటీ రోజూ వాళ్ళతోపాటే బస్సెక్కి వచ్చి, ఆ తలుపుకు అటొకరూ ఇటొకరూ నిలబడ్డాక డ్యూటీలో చేరేది.

ఆ ఆస్పత్రిలో ఫైర్ మార్షల్ అని, నిప్పంటుకుంటే అందరినీ దారి చూపి నడిపించే పదవి ఒకటి ఉంది. దానివల్ల జీతం పెరగదు, చాకిరీ పెరుగుతుంది. అయినా వీపు మీద పెద్ద అక్షరాలున్న ఎర్ర కోటు ఒకటి ఇస్తారు. పోయిన ఏడాది అది చిన్న సిస్టర్‌కు దక్కింది. ఆవిడ దాన్ని ఆస్పత్రి బీరువాలో పెట్టుకోవచ్చు కదా, పెట్టుకోలేదు. ఇంటికి తెచ్చి హాల్లో మేకుకు తగిలించింది. ఏడాది పొడుగునా పెద్ద సిస్టర్ కాఫీ గ్లాసు ఎత్తినప్పుడల్లా ఎదురుగా ఆ కోటే. ఎంత పంచదార వేసుకున్నా ఆ కాఫీ చేదుగానే దిగేది. ఈ ఏడాది కోటు ఎవరిదో ఇవాళ్టి డ్రిల్‌లో తేలిపోతుంది.

"అత్తయ్యా, డ్రిల్లుకి ఉత్తుత్తి రోగులు కావాలంటే మీరు వస్తానన్నారటగా?" అని అడిగింది పెద్ద సిస్టర్, గొంతులోకి లేని తియ్యదనం తెచ్చుకుంటూ.

"అవునమ్మా. చిన్నదాని వార్డులో పడుకుంటా. పాపం, నోరు తెరిచి అడిగింది."

"నా వార్డులోనూ మంచాలున్నాయి."

"ఉంటాయిలే. కానీ నువ్వు గట్టిగా అరుస్తావట కదా. లేని రోగం తెచ్చుకోవడం ఎందుకని..."

పెద్ద సిస్టర్ కాఫీ గ్లాసు ఠపీమని కింద పెట్టింది. అత్తగారి మోకాళ్ళకు రోజూ నూనె రాసేది తను. కళ్ళలో చుక్కలు వేసేది తను. నిజం రోగాలన్నీ తనకూ, ఉత్తుత్తి రోగం మాత్రం చిన్నదానికీనా? అత్త మీద కోపం దుత్త మీద చూపడం పాతకాలం నుంచీ ఉన్నదే. ఆ ఇంట్లో దుత్తలు లేవు కాబట్టి ఆమె పేపరు చదువుకుంటున్న భర్త వైపు తిరిగింది.

"లేవండి. మీరివాళ నా వార్డులో రోగి."

"నాకివాళ సెలవు కదే!"

"అందుకే. మీకు కాలు విరిగింది, స్పృహ లేదు. నేను లేపేదాకా కళ్ళు తెరవకూడదు."

"ఆ పడుకునేదేదో ఇంట్లోనే పడుకుంటే?" అన్నాడు భర్త. కానీ అప్పటికే అతని చొక్కా అతని మొహం మీద పడింది.

మూడో అంతస్తుకు రంగులు వేయిస్తున్నందువల్ల అసలు రోగులను ముందే వేరే భవనంలోకి మార్చారు. అందుకే డ్రిల్ అక్కడ పెట్టారు. ఖాళీ మంచాల మీద సిబ్బంది బంధువులు మొహమాటంగా పడుకుని ఉంటే, గుబురు మీసాల ఫైర్ ఆఫీసరు వచ్చి, నర్సులనూ ఆయాలనూ వరసగా నిలబెట్టి పాఠం చెప్పాడు.

"ఆస్పత్రిలో నిప్పంటుకుంటే కిందికి పరిగెత్తకూడదు. లేవలేనివాళ్ళని మెట్లమీద మోస్తే మంట కన్నా ముందు మెట్లే చంపుతాయి. పక్కకి జరగాలి. మంటున్న వార్డులోంచి మంచాలు తోసుకుంటూ ఫైర్ డోర్ దాటి పక్క వార్డులోకి చేరాలి, తలుపు మూసెయ్యాలి. నేను చెబితే తప్ప మెట్ల జోలికి పోవద్దు. తెలిసిందా?"

అందరూ తెలిసిందన్నారు. పెద్ద సిస్టర్ అందరికన్నా గట్టిగా అంది. ఆఫీసరు రెండు వార్డులనూ ఎగాదిగా చూసి, "మంట పెద్ద సిస్టర్ వార్డులో" అని తీర్పు చెప్పాడు. ఆమె మొహం వెలిగిపోయింది. మంట తనదైతే ఆట కూడా తనదే. చిన్నది ఊరికే చూస్తూ నిలబడాల్సిందే. పక్క వార్డంటే ఎవరి వార్డో ఆ సంబరంలో ఆమెకు తట్టలేదు.

ఆఫీసరు డ్రిల్ నిజంలా ఉండాలని వార్డు చివర పొగ డబ్బా ఒకటి వెలిగించాడు. గంట మోగింది. పెద్ద సిస్టర్ కొంగు దోపి, భర్త మంచాన్ని తనే తోసుకుంటూ అందరికన్నా ముందు ఫైర్ డోర్ చేరింది. తలుపు అవతలి నుంచి తెరుచుకుంది. ఎర్ర కోటు వేసుకుని, నవ్వు మొహంతో చిన్న సిస్టర్ నిలబడి ఉంది.

"రా అక్కా, రా. మీరొస్తారనే అన్నీ సర్ది పెట్టాను. బావగారికి అత్తయ్య పక్క మంచం."

వెనక మంచం మీంచి అత్తగారు తల పైకెత్తింది. "చూశావామ్మా, ఆపదలో ఆదుకునేది చిన్నదే. లోపలికి రా, మొహమాటపడకు."

పెద్ద సిస్టర్ కాళ్ళు గడపకు ఇవతలే ఆగిపోయాయి. తన వార్డు తగలబడిపోతే, మొగుణ్ణి మంచంతో సహా తోసుకుంటూ తోడికోడలి గుమ్మంలో నిలబడ్డం! ఈ మాట రేపు కాఫీల దగ్గర వస్తుంది. ఎల్లుండీ వస్తుంది. చుట్టాలొస్తే వాళ్ళకి నీళ్ళకన్నా ముందు ఇదే అందుతుంది. అంతకన్నా నిజంగా తగలబడిపోవడమే మర్యాదగా ఉంటుందని ఆమెకు అనిపించింది.

"అక్కర్లేదు. మేం కిందికి పోతాం" అని తలుపు దభాలున వేసేసింది.

"అమ్మా, ఆ సారు మెట్ల జోలికి పోవద్దన్నారు కదా?" అంది పెద్ద ఆయా.

"ఆ సారుకి తోడికోడలుందా?"

రోగులను మెట్లు దింపే చక్రాల కుర్చీలు మూల నుంచి బయటికి వచ్చాయి. భర్తను ఒకదాంట్లో కూలేసి బెల్టు బిగించారు. మొదటి మెట్టు దగ్గర కుర్చీ గట్టిగా కుదిపేసరికి అతను కెవ్వుమన్నాడు.

"కళ్ళు ముయ్యండి! మీకు స్పృహ లేదు!"

"కాలు నిజంగా విరిగేలా ఉందే!"

"విరిగిందనేగా రాసుకున్నాం!"

ఇక్కడ చిన్న సిస్టర్ సంగతి చెప్పాలి. ఆవిడ తలుపు అద్దంలోంచి అంతా చూసింది. చక్కగా తన చోట తను నిలబడి ఉంటే కోటు మళ్ళీ ఆవిడదే. కానీ అసూయ పెద్ద కోడళ్ళ సొత్తేమీ కాదు. 'అక్క లాభం లేనిదే మెట్టు దిగదు. రూలు మారి ఉంటుంది. నాకు తెలియనివ్వకుండా ముందు కింద చేరి కోటు కొట్టేద్దామని చూస్తోంది' అనుకుంది. అనుకున్నదే తడవుగా, "పదండి, కిందికి పదండి!" అని కేక పెట్టింది. మంట లేని వార్డు నుంచి, పొగ లేని మంచాల మీంచి అత్తగారితో సహా అందరినీ లేపి అవతలి వైపు మెట్లకు తరలించింది. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టయింది.

రెండు మెట్ల వరసలూ రెండో అంతస్తు వసారాలో కలుస్తాయి. అక్కడ తల్లీ కొడుకుల కుర్చీలు పక్కపక్కకు వచ్చాయి.

"ఏరా, నీకేమైందిరా?" అని కంగారు పడింది అత్తగారు కొడుకును చూసి.

"నాకు స్పృహ లేదమ్మా" అన్నాడు కొడుకు కళ్ళు తెరవకుండా.

"దారి వదులు అక్కా!" అంది చిన్న సిస్టర్.

"నేనెందుకు వదలాలి? ముందొచ్చింది నేను. ఆ ఇంటికి కూడా!"

రెండో అంతస్తులో పళ్ళ డాక్టరు, కళ్ళ డాక్టరు, కాళ్ళూ చేతులకు వ్యాయామం చేయించేవాళ్ళు ఉంటారు. పైన జరిగేది డ్రిల్ అని వాళ్ళకు ముందే చెప్పారు. గంట విని వాళ్ళు కదల్లేదు. కానీ పెద్ద సిస్టర్, చిన్న సిస్టర్ ఇద్దరూ ఒకే వైపు పోవడం చూశాక మాత్రం వాళ్ళకు వణుకు పుట్టింది. ఆ ఇద్దరూ కిటికీ తెరవాలా మూయాలా అన్నదాని మీద కూడా ఏనాడూ ఒక్కమాట మీద నిలబడలేదు. "వీళ్ళిద్దరికీ మాట కలిసిందంటే నిజంగానే నిప్పంటుకుందిరా బాబూ!" అని పళ్ళ డాక్టరు పట్టకారు పట్టుకునే బయటికి దూకాడు. అతని వెనక నోరు తెరిచిన రోగి, రోగి వెనక కళ్ళలో మందు వేయించుకుని ఏమీ కనబడనివాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని బయల్దేరారు.

కింద మందుల దగ్గర వరసలో ఉన్నవాళ్ళు ఈ ఊరేగింపు చూసి వరస వదిలేశారు. క్యాంటీన్ ఖాళీ అయింది. సూపరింటెండెంటు తన గదిలోంచి వచ్చి, "ఇది డ్రిల్లేనయ్యా, డ్రిల్లే!" అని అరుస్తూ అరుస్తూనే జనంతోపాటు గేటు దాకా కొట్టుకుపోయాడు. ఎవరు ఫోన్ చేశారో తెలియదు. బహుశా అందరూ చేసి ఉంటారు. రెండు ఫైరింజన్లు గంటలు కొట్టుకుంటూ లోపలికి వచ్చాయి.

అందులోంచి దిగిన కుర్రాళ్ళు మొదట అడిగిన మాట, "మా సారేరీ?"

అప్పుడు గుర్తొచ్చింది అందరికీ. ఫైర్ ఆఫీసరు మూడో అంతస్తులోనే ఉండిపోయాడు. పొగ వెనక నిలబడి ఇంకెవరైనా మిగిలారా అని మంచాల కింద కూడా వెతికి, తలుపు దాటి చిన్న సిస్టర్ వార్డులోకి వస్తే ఒక్క రోగి కూడా లేడు. బయటికి చూస్తే ఊరంతా గేటు దగ్గర ఉంది. ఆయన కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి రెండు చేతులూ ఊపుతూ, "పైకి రండి! మళ్ళీ పైకి రండి!" అని గొంతు చించుకున్నాడు. ఆయన వెనక పొగ కిటికీలోంచి బయటికి వస్తోంది. ఇంజన్ల మోతలో మాట వినబడలేదు, చేతులు మాత్రం కనబడ్డాయి.

"సారు పిలుస్తున్నారు!" అన్నారు కుర్రాళ్ళు. నిచ్చెన లేచింది. వద్దు వద్దన్న ఆఫీసరును భుజాన వేసుకుని, ఆయన తన్నుతున్నా వదలకుండా కిందికి దించారు. జనం చప్పట్లు కొట్టారు.

నేల మీద నిలబడ్డాక ఆయన మీసం అదురుతూనే ఉంది. "మెట్లు దిగమన్నది ఎవరు?"

చిన్న సిస్టర్ వెంటనే బావగారి కుర్చీ వెనక్కి జరిగింది. "అక్క దిగిందండీ. పెద్దది కదా, నేను వెనక వచ్చాను." ఏ విషయంలోనూ వెనక ఉండనిది, ఆ క్షణంలో మాత్రం ఎంతో వినయంగా వెనక ఉండిపోయింది.

పెద్ద సిస్టర్ తల దించలేదు. "నేనే దింపాను. దాని వార్డులోకి వెళ్ళలేక దింపాను. మా అత్తగారికి అదంటేనే ఇష్టం. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, నావల్ల కాలేదు" అంది. ఆ మాటకు పళ్ళ డాక్టరు రోగి అప్పటిదాకా తెరిచిన నోరు మూశాడు.

ఆఫీసరు సూపరింటెండెంటును పక్కకు తీసుకెళ్ళి కాసేపు మాట్లాడి వచ్చాడు. పెద్ద సిస్టర్ ఉద్యోగం పోయిందనే అనుకుంది.

"పెద్ద సిస్టర్‌కి సరైన దారి తెలుసు, కావాలనే తప్పింది" అన్నాడు ఆయన. "ఆవిడకి అసలు ఏ దారో తెలియదు, ముందు ఎవరుంటే వాళ్ళ వెనక పోతుంది. మార్షల్ అన్నవాళ్ళు ఒకరి వెనక పోకూడదు. పైగా ఈవిడని పదవి లేకుండా వదిలేస్తే రేపు ఏ వైపు పోతుందో ఎవరికీ తెలియదు. పదవిచ్చి రూలుకి కట్టెయ్యడమే నయం. కోటు ఈవిడకివ్వండి. రేపు మళ్ళీ డ్రిల్లు. పక్కకి, కిందికి కాదు!"

చిన్న సిస్టర్ కోటు విప్పి ఇచ్చింది. కళ్ళ నిండా నీళ్ళు. పెద్ద సిస్టర్ దాన్ని అక్కడికక్కడే తొడుక్కుంది. భుజాల దగ్గర కాస్త బిగుతుగా ఉన్నా, ఆ బిగుతు కూడా బాగుందనిపించింది. అత్తగారి మొహం ఎలా ఉందో చూద్దామని తిరిగింది.

అత్తగారు చిన్న కోడలిని దగ్గరికి పొదువుకుని తల నిమురుతోంది. "ఊరుకో తల్లీ, పోతే పోయింది వెధవ కోటు, నేను లేనూ నీకు? నడు ఇంటికి, వేడిగా కాఫీ పెట్టిస్తా." తర్వాత పెద్ద కోడలి వైపు చూసి, "నువ్వు గెలిచావు కదమ్మా, నీకేం లోటు? ఈ కుర్చీలన్నీ పైకెక్కించి నిమ్మళంగా రా" అంది.

భర్త ఒక కన్ను తెరిచి, "నాకు స్పృహ వచ్చిందా?" అని అడిగి, జవాబు రాకముందే బెల్టు విప్పుకుని వాళ్ళిద్దరి వెనక బస్సెక్కేశాడు.

ఇన్నేళ్ళకు గెలిచిన పెద్ద సిస్టర్ ఎర్ర కోటుతో కుర్చీలు మోస్తూ మూడంతస్తులూ ఎక్కింది, ఓడిపోయినదాని అదృష్టానికి మెట్టు మెట్టుకూ కుళ్ళుకుంటూ.